జానెడు పొడుగు స్కీలు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి మిగతాది వినాలని మా ఆవిడ కనకదుర్గ నలభై ఏళ్ళుగా ఊరందరికీ చెబుతూనే ఉంది. నేను చదివింది ఐదో తరగతి, చేసింది వడ్రంగం. కొలతలో ఎంత ఖచ్చితమో మాటలో అంత ధారాళం నాకు. ఇప్పుడు చెప్పబోయేది పోయిన చలికాలం మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అబ్బాయి ఫణి ఇంట్లో జరిగిన సంగతి. ఇందులో సగం తీసేయక్కర్లేదు. ఒక్క చోట మాత్రం తీసేయాలి. ఆ చోటు వచ్చినప్పుడు నేనే చెబుతాను.

మేం నవంబరులో దిగేసరికి మనవరాలు అవని కాలేజీ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఇంట్లో కొడుకూ కోడలూ ఇద్దరే. కోడలు విద్య కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. మనిషి కూర్చుంటే సీటు ఎక్కడ కుంగాలి, ఎంత కుంగాలి అని లెక్క కట్టడం ఆమె ఉద్యోగం. వయసు నలభై రెండు. మనిషి సన్నం, మాట మెత్తన, పట్టు మాత్రం తుమ్మ మొద్దు.

పట్టు అని ఎందుకన్నానంటే, ఫణీ అవనీ ఏటా మంచుకొండ మీద జారడానికి వెళ్తుంటే పన్నెండేళ్ళు ఈ పిల్ల కింద హాల్లో కూర్చుని బ్యాగులకీ పులిహోర డబ్బాకీ కాపలా కాసింది. మూడేళ్ళ కిందట ఒకరోజు డబ్బా బల్ల మీద పెట్టి, వెళ్ళి, స్కీయింగ్ నేర్పే క్లాసులో పేరు రాయించుకుందట. ఆ క్లాసులో మిగిలిన వాళ్ళందరికీ ఐదేళ్ళు, ఆరేళ్ళు. ఆ పిల్ల బాతుల వరసకి చివర ముప్ఫై తొమ్మిదేళ్ళ విద్య. ఒక బుడతడు వెనక్కి తిరిగి, "నువ్వు ఎవరి మమ్మీవి?" అని అడిగాడట. "ఎవరి మమ్మీనీ కాదు, నేనూ నీ క్లాసే" అందట.

ఈ సంగతి విన్నప్పుడే నాకు కోడలి మీద గౌరవం రెండు మెట్లు పెరిగింది. పైకి మాత్రం, "మరి హోంవర్కు ఎవరిది చూసి రాసేదానివి?" అన్నాను.

"మావయ్యా, మీరు నన్నెప్పుడూ ఇంతే."

డిసెంబరులో మొదటి మంచు పడగానే మమ్మల్నీ తీసుకెళ్ళి చూపించింది. ఇంటికి ముప్పావుగంట దూరంలో చిన్న గుట్ట. వేలాడే కుర్చీలో కూర్చుని పైకి వెళ్ళి, కాళ్ళకి కట్టుకున్న రెండు పొడుగాటి పలకల మీద కిందికి జారుతూ వస్తారు. ఆ పలకలే స్కీలు. విద్య బాగానే జారుతోంది. మెల్లగా అటూ ఇటూ మలుపులు తిరుగుతూ, నోరు బిగించి, లెక్క చేస్తున్న పిల్లలా వచ్చింది. కానీ స్కీలు అద్దెవి. వారం వారం వేరే జత. ఒక జత ఎడమకి లాగుతుంది, ఇంకో జతకి అంచులు మొద్దుబారి ఉంటాయి.

"ఇంకెన్నాళ్ళమ్మా ఎవరి కాళ్ళకో వేసినవి నువ్వు వేసుకుని తిరగడం?" అన్నాను కారెక్కుతూ.

"ఈ ఇయర్ నా స్కీలు నేను కొనుక్కుంటాను మావయ్యా" అంది. తర్వాత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అసలు సంగతి చెప్పింది. "మార్చిలో మా ఆఫీస్ వాళ్ళు నార్త్‌లో పెద్ద హిల్‌కి వెళ్తారు. లాస్ట్ ఇయర్ నేనూ వెళ్ళాను. అక్కడ బ్లాక్‌బర్డ్ అని ఒక వాలు ఉంది. సగం దాకా వచ్చి భయపడి ఆగిపోయాను. స్కీలు విప్పి భుజాన వేసుకుని నడిచి దిగాను. చిన్నపిల్లలు పక్క నుంచి సర్రున వెళ్ళిపోతున్నారు. ఈ ఇయర్ జారుతూ దిగాలి. దిగలేకపోతే ఇంక మానేసి మళ్ళీ బ్యాగుల దగ్గర కూర్చుంటాను."

పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది ఆ చివరి మాట. అందుకే నమ్మాను.

ఆ ఆదివారం ఇంట్లో సభ జరిగింది. విద్యకి ఏ స్కీలు కొనాలన్నది విషయం. మాట్లాడిన వాళ్ళు ముగ్గురు మగాళ్ళు. విద్య టీ పెట్టింది.

ఫణి ల్యాప్‌టాప్‌లో పెద్ద పట్టిక తయారుచేశాడు. పొడుగు, వెడల్పు, బరువు, స్టార్లు. పక్క వీధిలో ఉండే అమర్‌నాథ్ కూడా వచ్చాడు. వరంగల్ మనిషి, ఫణి స్నేహితుడు. ఒకసారి కొలరాడో వెళ్ళి మెత్తటి మంచులో జారి వచ్చినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల స్కీయింగ్‌కి ఆయనే జగద్గురువు.

"వెడల్పువి తీస్కోండ్రి వదినా" అన్నాడు. "సన్నగున్నవి పిల్లలకు. కొలరాడోల నేను చూసిన, అందరు వెడల్పువే ఏస్తరు. గట్టిగ కూడా ఉండాలె. ఎక్స్‌పర్ట్ మోడల్ తీస్కుంటే మళ్ళ మళ్ళ కొనే పని లేదు."

"కానీ మన మిషిగన్‌లో మంచు గట్టిగా ఉంటుంది కదా అమర్‌నాథ్ గారూ" అంది విద్య కప్పులు పెడుతూ. "నా హైట్ కన్నా కొంచెం తక్కువ పొడుగుండాలని చదివాను. ముక్కు దాకానో గడ్డం దాకానో..."

"అట్ల రాస్తరు గానీ..."

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. కలగజేసుకోకుండా ఉండాల్సింది. "మీరంతా ఈ మధ్య మొదలుపెట్టారు. నేను పన్నెండో ఏటనే ఈ జారుడు పని చేశాను" అన్నాను.

కనకదుర్గ వంటింట్లోంచి, "మొదలుపెట్టారా!" అంది.

సంగతేమిటంటే, మా గోదావరి వైపు దమ్ము చేసిన వరిమడిని చదును చెయ్యడానికి ఎడ్లకి ఒక పొడుగాటి చెక్క కట్టి, దాని మీద మనిషి నిలబడతాడు. ఎడ్లు లాగుతుంటే బురద మీద జారుతూ పోతాడు. ఆ చెక్కలు చెయ్యడం మా నాన్న పని, తర్వాత నా పని. "ఒక ఏడు ఎడ్లు పామును చూసి బెదిరాయి" అన్నాను అమర్‌నాథ్‌తో. "చెక్క మీద నేను. మడి దాటాయి, గట్టు దాటాయి, మూడు ఊళ్ళు దాటాయి. నేను కిందపడితేనా! తాలూకా ఆఫీసు మెట్ల ముందు ఆగాయి. తహసిల్దారు బయటికొచ్చి, ఎలాగూ వచ్చావు గదా అని మా నాన్న భూమి కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు."

"పోయినసారి రెండు ఊళ్ళే" అంది కనకదుర్గ. "మా పెళ్ళప్పుడు ఒక్క మడే."

తీసేయాల్సిన చోటు ఇదే. అప్పటికి ఆ ముక్క నేను చెప్పలేదు. అందరూ నవ్వారు, నాకు ఊపొచ్చింది. "చూడమ్మాయ్" అన్నాను. "పెరిగే పిల్లకి పరికిణీ కుట్టిస్తే కింద నాలుగు వేళ్ళు లోపలికి మడిచి కుట్టించమూ? ఇదీ అంతే. ఇవాళ్టి కొలతకి కొంటే ఎల్లుండికి పొట్టయిపోతుంది. ఒక జానెడు పొడుగు తీసుకో. నేర్చుకునేకొద్దీ అదే సరిపోతుంది."

విద్య ఒక్క క్షణం నా వైపు చూసింది. ఏదో అనబోయి ఆగింది. "మావయ్యగారు అంతలా చెబుతున్నారుగా, అలాగే" అంది.

ఫణి అక్కడికక్కడే ఆర్డర్ చేశాడు.

పెట్టె వచ్చిన రోజు పూజ కూడా నేనే చేశాను. కొత్త బండికి చేసినట్టే స్కీలకి పసుపు రాసి బొట్లు పెట్టి, కింద రెండు నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. కొబ్బరికాయ గరాజ్‌లో కొట్టాను. మంచి అందమైన జత, ముదురు నీలం. నిలబెడితే విద్య తల మీద జానెడు పైకి ఉన్నాయి. అలవాటు కొద్దీ ఒకదాని నడుం మీద వేలి కణుపుతో కొట్టి చూశాను. దూలం మీద కొట్టినట్టు మోగింది. నా వేలికి అప్పుడే తెలిసింది. నోటికి చెప్పడానికి ఇంకా నెల పట్టింది.

జనవరిలో మూడు శనివారాలు వరసగా గుట్టకి వెళ్ళాం. మొదటి వారం విద్య నాలుగుసార్లు పడింది. కొత్తవి కదా, అలవాటవ్వాలి అన్నాం అందరం. రెండో వారం పడటం తగ్గింది. ఎందుకంటే జారడమే తగ్గించింది. డిసెంబరులో అద్దె స్కీల మీద నవ్వుతూ దిగిన వాలునే ఇప్పుడు అడ్డంగా, పీతలా, ఆగి ఆగి దిగుతోంది. ఇంటికొచ్చి తొడ మీద నల్లగా కమిలిన చోట మందు రాసుకుంటూ, "ఏం లేదు అత్తయ్యా, టైం పడుతుంది" అంది. ఫోన్‌లో అవని నాతో, "తాతా, అమ్మ సౌండ్స్ సాడ్. నువ్ కొంచెం జోక్ చెప్పు అమ్మకి" అంది. జోకులు నా దగ్గర బోలెడున్నాయి. ఆ వారం ఒక్కటీ పేలలేదు.

మూడో శనివారం నేను హాల్లో కూర్చోలేక బయటికొచ్చి కంచె పక్కన నిలబడ్డాను. ముక్కు ఉందో రాలిపోయిందో చేత్తో తడిమి చూసుకోవాల్సినంత చలి. విద్య పైనుంచి వస్తోంది. ఆమెకి కాస్త ముందు ఒక ముసలాయన, నా వయసే ఉంటుంది, మలుపు తిరిగాడు. తిరుగుతుంటే ఆయన కాలి కింది పలక విల్లులా వంగింది. వంగి, ఆ వంపులోనే ఆయన్ని తిప్పుకుపోయింది. విద్య మలుపు తిరిగింది. పలక వంగలేదు. దూలంలా నిటారుగా ఉండి, ఆమెనే పక్కకి తోసేసింది.

ఆమె వెళ్ళాక కంచె అవతలకి వంగి మంచు మీద జాడలు చూశాను. వడ్రంగికి జాడ చదవడం అక్షరం చదవడం కన్నా తేలిక. ముసలాయన జాడ రెండు సన్నటి గీతలు, చెక్క కోసేముందు రంగు అద్దిన దారం లాగి కొట్టినట్టు. విద్య జాడ మొద్దుబారిన చిత్రికతో గీకినట్టు ఉంది. వెడల్పుగా, చెదిరిపోయి, కోత అన్నదే లేకుండా.

మనిషి తప్పు లేదు. పనిముట్టు తప్పు. పనిముట్టు కొలత చెప్పినవాణ్ణి నేను.

హాల్లోకి వెళ్ళేసరికి విద్య బూట్లు విప్పుతోంది. పక్కన కనకదుర్గ పులిహోర పెడుతోంది. విద్య తీసుకోలేదు.

"మావయ్యా, మార్చి ట్రిప్‌కి నేను రానని మా వాళ్ళకి మెసేజ్ పెట్టేస్తాను" అంది. "స్కీలు మంచివే. నాకే రావట్లేదు. వయసు వచ్చాక మొదలుపెట్టాను కదా, ఇంతకన్నా రాదేమో."

నాకు డెబ్బై ఒకటి. ఈ వయసులో తప్పు ఒప్పుకోవడం అలవాటు లేని పని. బల్ల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"ఆ ఎడ్ల సంగతి చెప్పానే" అన్నాను.

"మూడు ఊళ్ళు" అంది విద్య, నీరసంగా నవ్వి.

"నాలుగు అడుగులు."

కనకదుర్గ గరిట ఆపింది.

"నాలుగో అడుగులో పడ్డాను. ముఖం బురదలో. మా నాన్న నాకు తగ్గ చెక్క వేరే చేసి పెట్టాడు. చిన్నది. నాకు నామోషీ అయింది. ఆయన చెక్కే కావాలని దాని మీద ఎక్కాను. అది ఆయన బరువుకి చెక్కింది. నేను నిలబడితే దానికి నేనున్నట్టే తెలియలేదు. దానంతట అది పోయింది, నేను ఒక పక్క, అది ఒక పక్క. పామూ లేదు, తహసిల్దారూ లేడు."

విద్య విప్పిన బూటు పక్కన పెట్టింది.

"నీ స్కీ నీ కింద వంగట్లేదమ్మా. ఇందాక చూశాను. దానికి నువ్వున్నట్టు తెలియట్లేదు. నీ ఆఫీసులో సీటు నూట ఇరవై కిలోల మనిషికి చేసి, నీలాంటి దాన్ని కూర్చోబెట్టి, కుంగడం లేదేమిటి, ఈవిడకి కూర్చోవడం రాదు అంటారా?"

విద్య తల ఎత్తింది. ఆ చూపు నాకు తెలుసు. లెక్క ఎక్కడ తప్పిందో దొరికినప్పటి చూపు. "ఫ్లెక్స్, వంగే గుణం" అంది తనలో తాను. "ఓ గాడ్. రోజూ నేను చేసే పనే."

"జానెడు పొడుగు తీసుకోమన్నది నేను. తప్పు నాది. పద, షాపుకి పోదాం."

"నలభై ఆరేళ్ళ కాపురంలో మొదటిసారి వింటున్నాను ఈ మాట" అంది కనకదుర్గ. "తేదీ ఎంత ఇవాళ?"

స్కీల దుకాణం దారిలోనే ఉంది. అందులో ఒక పెద్దావిడ, తెల్ల జడ, మెడలో కొలత టేపు. నీలం జతని చూసి ఏమీ అనలేదు, అది ఆవిడ మర్యాద. ముందు విద్య చేత బూట్లు తొడిగించింది. చలి అని విద్య వేసుకున్న రెండు జతల మేజోళ్ళలో ఒకటి తీయించేసింది. తర్వాత రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఒక ప్రశ్న వేసింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ విద్య ముఖం మారడం చూశాను.

"ఏమంటోంది?" అన్నాను.

"నీకు స్కీలతో ఏం చెయ్యాలని ఉంది అని అడుగుతోంది మావయ్యా."

ముగ్గురు మగాళ్ళం పట్టిక వేసి, స్టార్లు లెక్కపెట్టి, కొలరాడో, గోదావరి అన్నీ తిరిగొచ్చాం గానీ, ఈ మాట మాలో ఒక్కడికీ తోచలేదు. విద్య చెప్పడం మొదలుపెట్టింది. ఆఫీసు ఫోన్‌లో తప్ప ఆ పిల్ల అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చేతులతో మలుపులు చూపించింది, మోకాలు వంచి చూపించింది. ఒకచోట గొంతు తగ్గించింది, బ్లాక్‌బర్డ్ అన్న పేరు నాకు వినపడింది. పెద్దావిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అన్నీ విని, లోపలికి వెళ్ళి, రెండు జతలు తెచ్చి గోడకి ఆనించింది. రెండూ పొట్టివి, నడుం సన్నవి. విద్య పక్కన నిలబెడితే ఒకటి ముక్కు దాకా, ఒకటి గడ్డం దాకా.

బల్ల మీద ఒక స్కీని అడ్డంగా కోసిన ముక్క ఉంది, లోపల ఏముందో చూపించడానికి. తీసి చూశాను. పైన ప్లాస్టిక్, అంచుల్లో ఉక్కు, మధ్యలో చెక్క! సన్నటి పట్టీలు పక్కపక్కన అతికించి ఉన్నాయి. వాసన చూశాను. పెద్దావిడ నవ్వి, ఒక స్కీ నా చేతికిచ్చింది. కొన నేలకి ఆనించి, నడుం మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. వంగింది, తిరిగి లేచింది. ఆవిడ నీలం స్కీని ఇచ్చింది. నొక్కాను. కదల్లేదు. ఆవిడ నన్ను చూసి తల ఊపింది. నేను ఆవిణ్ణి చూసి తల ఊపాను. మా ఇద్దరికీ భాష అక్కర్లేకపోయింది.

"ఏది తీసుకోమంటారు మావయ్యా?" అంది విద్య.

నాలుక చివర దాకా వచ్చింది. ముక్కు దాకా ఉన్నదే నాకు నచ్చింది, రంగు కూడా బాగుంది. "నన్నడక్కు" అన్నాను. అంత బరువైన మాట ఈ మధ్య మోయలేదు.

పెద్దావిడ రెండు జతలూ ఎక్కి చూడమని ఇచ్చి పంపింది. మర్నాడు ఆదివారం గుట్ట మీద విద్య ఒక జతతో నాలుగుసార్లు, ఇంకో జతతో నాలుగుసార్లు దిగింది. ప్రతిసారీ కంచె దగ్గర ఆగి ఫోన్‌లో ఏదో రాసుకుంది. చివరికి గడ్డం దాకా ఉన్న జత తీసుకుంది. బూడిద రంగు, చూడ్డానికి ఏమంత బాగోదు.

"అది కాస్త చిన్నగా లేదూ?" అన్నాడు ఫణి సాయంత్రం. "నీలం దానికి రివ్యూల్లో నాలుగున్నర స్టార్లు నాన్నా!"

"ఆ స్టార్లు ఇచ్చినవాళ్ళ బరువెంతో రాశారట్రా?"

"లేదు..."

"నీ బరువెంత?"

ఫణి చెప్పాడు.

"అయితే అవి నీవి" అంది విద్య, చపాతీ అతని పళ్ళెంలో వేస్తూ. "కాస్త ఎదిగితే నీకు సరిగ్గా సరిపోతాయి."

ఆ మాట నేర్పింది నేనే కాబట్టి నేను గట్టిగా నవ్వాను. ఫణి కూడా నవ్వాడు గానీ, తర్వాత లేచి వెళ్ళి తన పట్టిక ఉన్న ఫైలు తీసేశాడు. మంచి పిల్లాడే. నీలం స్కీలు నిజంగానే వాడి కాళ్ళ కింద బుద్ధిగా నడిచాయి.

ఫిబ్రవరి అంతా విద్య ఒక్క శనివారం మానలేదు. ఇంట్లో పళ్ళు తోముకుంటూ ఒక కాలి మీద నిలబడేది. కూరలు తరుగుతూ మోకాళ్ళు వంచి అటూ ఇటూ ఊగేది. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి కూడా గరాజ్‌లో ఆ బూడిద రంగు జతకి అడుగున మైనం పట్టించేది. ఇస్త్రీ పెట్టెలాంటి దాంతో మైనం కరిగించి, పరిచి, చల్లారాక గీకి, బ్రష్ కొట్టేది. పక్కన ముక్కాలిపీట వేసుకుని నేను చూసేవాణ్ణి. ఒకరోజు, "గీకడం వాలుగా కాదమ్మా, నీ వైపు నుంచి ఒకే ఊపున" అన్నాను. అలా చేసింది. మైనం ఉల్లిపొరలా ఊడి వచ్చింది. ఈ ముసలాడి దగ్గర ఇంకా పనికొచ్చేది ఒకటుందని ఆ రోజు నాకే సంతోషమేసింది.

మార్చి మొదటి వారం ఉత్తరానికి నాలుగు గంటల ప్రయాణం. మేమూ వెళ్ళాం. ఆ కొండ చూశాక మాత్రం నేను పరిహాసం ఆడలేదు. బ్లాక్‌బర్డ్ పై నుంచి మొదటి సగం బాగానే ఉంటుంది. మధ్యలో ఒక పసుపు గుంజ ఉంది. అక్కడి నుంచి వాలు ఉన్నట్టుండి కిందికి విరిగినట్టు ఉంటుంది. పోయిన ఏడు స్కీలు విప్పింది ఆ గుంజ దగ్గరే అని ఫణి చూపించాడు.

విద్య కుర్చీ ఎక్కేముందు నా దగ్గరికి వచ్చింది. హెల్మెట్, కళ్ళద్దాలు, ముఖం కనపడదు. తన బ్యాగూ, పులిహోర డబ్బా నా ఒళ్ళో పెట్టింది.

"ఇవి చూస్తుండండి మావయ్యా."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా."

ఫణి కూడా పైకి వెళ్ళాడు గానీ ఆమెతో దిగలేదు. నువ్వు వెనకుంటే నీ గురించే ఆలోచిస్తాను, పక్క వాలులో దిగు అందట. బెంచీ మీద నేనూ కనకదుర్గా మిగిలాం.

ఎర్ర జాకెట్ పైన కనిపించింది. మొదటి సగం తేలిగ్గా వచ్చింది. పసుపు గుంజ దగ్గర ఆగింది.

ఆగి, అలాగే ఉండిపోయింది. ఒకరూ ఇద్దరూ ఆమె పక్క నుంచి దూసుకుపోయారు. కనకదుర్గ నా మోచెయ్యి పట్టుకుంది. ఎర్ర జాకెట్ కిందికి వంగింది. స్కీ విప్పుతోందా అనుకున్నాను. నా చేతిలో డబ్బా మూత ఊడి కింద పడింది. విప్పడం లేదు, బూటు పట్టీ బిగించుకుంటోంది. లేచి నిలబడింది. రెండు చేతుల్లోని ఊత కర్రలు సరిచేసుకుంది. బయల్దేరింది.

మొదటి మలుపు చిన్నది, భయంగా. రెండోది కొంచెం పెద్దది. మూడో మలుపుకి బూడిద రంగు పలక ఆమె కింద వంగడం అంత దూరం నుంచి నాకు కనిపించింది. కనిపించిందనే అంటాను, ఎవరేమన్నా. ఆ తర్వాత ఆమె మలుపులు తిరగలేదు, మలుపులే ఆమెని ఒకదాని చేతుల్లోంచి ఒకటి అందుకున్నాయి. ఇంకో రెండు మలుపులుందనగా ఒక చెయ్యి గాల్లోకి లేచి, నడుం వంకర పోయి, పడిపోయిందే అనుకున్నాం. పడలేదు. ఏదో ఈల లాంటి అరుపు అరిచి, నిలదొక్కుకుని, సరాసరి మా కంచె దగ్గరికి వచ్చి మంచు మా కాళ్ళ మీద జల్లి ఆగింది.

కళ్ళద్దాలు పైకి తోసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చలికి అనుకుందాం.

"చూశారా మావయ్యా?"

"లేదమ్మా. డబ్బా మూత వెతుక్కుంటున్నాను."

పకపకా నవ్వింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కింది. "మళ్ళీ వెళ్తున్నాను, బ్యాగు జాగ్రత్త" అంటూ కుర్చీల వైపు వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక నేను లేచి కంచె దాటాను. వాలు వచ్చి కలిసే చోట, ఎవరూ తొక్కకముందే, ఆమె జాడ చూడాలి నాకు. అదృష్టం, చెరిగిపోలేదు. రెండు సన్నటి గీతలు. పక్కపక్కన, ఎడం మారకుండా, ఒంపు తిరిగి, మళ్ళీ ఒంపు తిరిగి. నా జీవితంలో దారం కొట్టి గీసిన ఏ గీత అంత శుభ్రంగా రాలేదు. గొంతుక్కూర్చుని వేలు పెట్టి చూశాను. గోరు దిగినంత లోతు. ఎవరో పసుపు జాకెట్ మనిషి వచ్చి లెమ్మని ఈల వేసేదాకా అక్కడే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే ఊళ్ళో ఉన్న నా స్నేహితుడు భీమశంకర్‌కి ఫోన్ చేశాను. మేమిద్దరం ఒకే పాకలో చెక్కపని నేర్చుకున్నవాళ్ళం. నా కోతలన్నీ మొదట వినేదీ, అరుగు మీద పంచేదీ వాడే. కోడలు కొండ దిగిన సంగతి చెప్పాను.

"ఎంత ఎత్తురా కొండ?" అన్నాడు.

"మన ఏటిగట్టుకి ఓ పాతిక రెట్లు ఉంటుందేమో. ఇక్కడ పెద్ద కొండల్లో లెక్కకి రాదట."

"ఊఁ. మధ్యలో ఏమైంది?"

"గుంజ దగ్గర ఆగింది. పట్టీ బిగించుకుంది. దిగింది."

"పడలేదా?"

"ఒకసారి తూలింది."

వాడు ఆగాడు. మిగతాది వస్తుందని చూస్తున్నాడు. ఎలుగుబంటో, మంచు తుఫానో, కనీసం అమెరికా పోలీసులో.

"తర్వాత?"

"అంతే."



"ఒరేయ్" అన్నాడు మెల్లగా. "ఒంట్లో బాగానే ఉందా నీకు? ఓసారి కనకదుర్గకి ఫోనియ్యి."